స్పీడుయినో ఈసీయూ సమీక్ష: సెన్సార్ తీగ నుంచి తెర మీది అంకె దాకా

కూలెంట్ నిజంగా 100 డిగ్రీలకు చేరినా తెర మీద 91 అనే కనిపించాలంటే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) కాలిపోనక్కర్లేదు, సెన్సార్ చెడిపోనక్కర్లేదు. ఎర్త్ తీగలో వోల్ట్‌లో పదో వంతు తేడా వస్తే చాలు. స్పీడుయినో లాంటి చవకైన ఈసీయూ కొనేవాళ్లు బోర్డు గురించి, ట్యూనింగ్ గురించి నెలల తరబడి చదువుతారు. తీరా ఈ పదో వంతు వోల్ట్ దగ్గర బోల్తా పడతారు. అందుకే ఇక్కడ ఇంజిన్‌కు ఎన్ని గుర్రాల బలం పెరుగుతుందన్న ఊసు లేదు. సెన్సార్లు కలపడం, వాటి అంకెలు సరిచూసుకోవడం, ఆ అంకెల్ని డ్రైవర్ కళ్ల ముందుకు తేవడం: ఈ మూడు పనుల్లో స్పీడుయినో ఎంతవరకు నిలబడుతుందో చూద్దాం.

ఆస్ట్రేలియాకు చెందిన జోష్ స్టూవర్ట్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇది. బోర్డు డిజైను, ఫర్మ్‌వేర్ రెండూ ఎవరైనా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఈ సమీక్ష 0.4 తరం బోర్డుకు సంబంధించింది. దాని మెదడు ఆర్డుయినో మెగా 2560 అనే చిన్న కంప్యూటర్ బోర్డు. నాలుగు ఇంజెక్టర్ చానళ్లు, నాలుగు ఇగ్నిషన్ అవుట్‌పుట్‌లు ఉంటాయి. ఇంజెక్టర్లు హై ఇంపెడెన్స్ (ఎక్కువ ఓమ్‌ల) రకమైతే చానల్‌కు రెండు చొప్పున నేరుగా కలపొచ్చు. ఇగ్నిషన్ అవుట్‌పుట్ మాత్రం కేవలం సిగ్నల్. దాన్ని నేరుగా కాయిల్‌కు కలిపితే డ్రైవర్ చిప్ అక్కడికక్కడే పోతుంది, కాబట్టి మధ్యలో ఇగ్నైటర్ (కాయిల్ కరెంటుకు స్విచ్) గానీ, ఇగ్నైటర్ లోపలే ఉన్న స్మార్ట్ కాయిల్ గానీ తప్పనిసరి. ఎలక్ట్రానిక్ త్రాటిల్‌ను ఈ బోర్డు నడపలేదు, కేబుల్ త్రాటిల్ ఉన్న ఇంజిన్లకే పనికొస్తుంది. నాక్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపుతప్పి పేలడం) పసిగట్టే సెన్సార్‌ను చదివే సర్క్యూట్ కూడా దీని మీద లేదు.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. మన దేశంలో రోడ్డు మీద తిరిగే బండికి కంపెనీ ఈసీయూ తీసేసి ఇది పెట్టడం చట్టానికి విరుద్ధం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పులకు పరిమితులు పెట్టింది, 2019లో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని చెప్పింది. దీని చోటు ట్రాక్, ర్యాలీ, కాలేజీ ప్రాజెక్టు. కోయంబత్తూరు కారీ మోటార్ స్పీడ్‌వేలో జరిగే విద్యార్థుల రేసు బండ్ల పోటీ ఫార్ములా భారత్‌కు మన రెండు రాష్ట్రాల ఇంజినీరింగ్ కాలేజీల నుంచి బండ్లు తీసుకెళ్లే పిల్లలకు ఇందులో చాలా విషయం పనికొస్తుంది.

ఎర్త్ దగ్గరే సగం పని

పెట్టె విప్పగానే కనిపించే బలహీనత 40 పిన్నుల రిబ్బన్ కనెక్టర్. టేబుల్ మీద పరీక్షలకు బాగుంటుంది, బండిలో వైబ్రేషన్‌కు ఆగదు. సన్నటి రిబ్బన్ తీగల్లో ఇంజెక్టర్ కరెంటు, సెన్సార్ సిగ్నల్ పక్కపక్కనే పరుగెత్తితే నాయిస్ ఒకదాన్నుంచి ఒకదాన్లోకి దూకుతుంది. కేసు గోడకు క్రింప్ పిన్నుల ఆటోమోటివ్ కనెక్టర్ బిగించి, బోర్డు నుంచి అక్కడిదాకా విడివిడి తీగలు సోల్డర్ చేసుకోవడం మేలు. సెన్సార్లకు అర చదరపు మిల్లీమీటరు తీగ సరిపోతుంది. పవర్‌కు, ఇంజెక్టర్ ఎర్త్‌కు ఒకటి నుంచి ఒకటిన్నర వరకు వాడండి.

ఎర్త్ తీగలు రెండు గుంపులు. ఇంజెక్టర్లు, ఇగ్నైటర్లు వాడే కరెంటు తిరిగొచ్చేది పవర్ ఎర్త్. ఈసీయూ బోర్డు, పవర్ ఎర్త్ రెండూ ఇంజిన్ బ్లాకు మీద ఒకే బోల్టు దగ్గర కలవాలి. సెన్సార్ల ఎర్త్ మాత్రం బాడీకి గానీ బ్లాకుకు గానీ పోకూడదు, ఈసీయూ బోర్డు మీది సెన్సార్ ఎర్త్ పిన్నుకే రావాలి. దగ్గరగా ఉంది కదా అని కూలెంట్ సెన్సార్ ఎర్త్‌ను పక్కనున్న బోల్టుకు బిగించడం అందరూ చేసే తప్పు.

ఆ తప్పు ఖరీదు లెక్కగట్టొచ్చు. బోర్డు మీద కూలెంట్ సెన్సార్‌కు 2490 ఓమ్‌ల పుల్‌అప్ (5 వోల్ట్‌ల వైపు లాగే రెసిస్టర్) ఉంటుంది. జనరల్ మోటార్స్ రకం సెన్సార్ 100 డిగ్రీల దగ్గర 177 ఓమ్‌లు చూపిస్తుంది. అంటే ఈసీయూ పిన్ను దగ్గర ఉండాల్సింది 0.33 వోల్ట్. ఎర్త్ దారిలో 0.10 వోల్ట్ పడిపోతే పిన్ను దగ్గర 0.43 అవుతుంది. ఈసీయూ దాన్ని సుమారు 235 ఓమ్‌లుగా, అంటే 91 డిగ్రీలుగా చదువుతుంది. తేడా ఎప్పుడూ చల్లగా చూపించే వైపే వస్తుంది. ఇంజిన్ మరుగుతున్నా ఫ్యాన్ ఆలస్యంగా తిరుగుతుంది, హెచ్చరిక రాదు.

పరీక్ష సులువు. మల్టీమీటర్‌ను మిల్లీవోల్టులకు పెట్టి, నల్ల మొన బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర మొన ఈసీయూ ఎర్త్ పిన్ను మీద ఉంచి స్టార్టర్ తిప్పండి. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా ఫ్యాన్, హెడ్‌లైట్లు వేసి మళ్లీ చూడండి. నడుస్తున్నప్పుడు 50 మిల్లీవోల్టులు దాటితే ట్యూనింగ్ జోలికి వెళ్లొద్దు. ముందు బోల్టు కింద పెయింట్ గీకండి, లగ్ మళ్లీ క్రింప్ చేయండి.

ఉష్ణోగ్రత సెన్సార్లు

ఫర్మ్‌వేర్ ఎక్కించడానికి స్పీడీలోడర్ ఉంది, పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. చవక మెగా బోర్డుల్లో సీహెచ్340 యూఎస్‌బీ చిప్ ఉంటుంది, దాని డ్రైవర్ ముందే వేసుకోండి. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లో ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ ట్యూనర్‌స్టూడియో తెరిచి చేయాల్సిన మొదటి పని కాలిబ్రేషన్ పట్టికలు రాయడం. కొత్త బోర్డులో అవి ఖాళీగా ఉంటాయి, అందుకే మొదటిసారి కలపగానే అర్థంలేని ఉష్ణోగ్రతలు కనిపిస్తాయి. సెన్సార్ చెడిపోయిందని కొత్తది కొనేముందు ఇది గుర్తుంచుకోండి.

సెన్సార్ ఏ రకమో తెలియనప్పుడు వంటింట్లోనే తేల్చుకోవచ్చు. స్టీలు గ్లాసులో దంచిన ఐసు నింపి కొంచెం నీళ్లు పోసి, సెన్సార్ మొన ముంచి ఐదు నిమిషాలు ఆగండి. మీటర్ అంకె కదలడం మానేశాక రాసుకోండి. జనరల్ మోటార్స్ రకమైతే 9400 ఓమ్‌ల చుట్టుపక్కల, బాష్ రకమైతే 5900 దగ్గర నిలుస్తుంది. తర్వాత మరిగే నీళ్లు: మొదటిది 177, రెండోది 187 దగ్గరకు వస్తాయి. గమనించారా, వేడి వైపు రెండూ దాదాపు ఒకటే! రకం తప్పుగా ఎంచుకున్నా వేడెక్కిన ఇంజిన్‌లో తేడా తెలియదు, పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ కానప్పుడే బయటపడుతుంది. ఐసు పరీక్ష ఎందుకు వదలకూడదో ఇదే కారణం. గిన్నె అడుగుకు మొన తగలనివ్వకండి, అడుగు నీళ్లకన్నా వేడిగా ఉంటుంది. హైదరాబాద్ ఎత్తులో నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి పట్టికలో 100 బదులు 98 రాయండి. మూడో బిందువుకు గది ఉష్ణోగ్రత నీళ్లు చాలు, పక్కన థర్మామీటర్ పెట్టుకోండి.

ఈ మూడు బిందువులూ, పుల్‌అప్ విలువ 2490 ట్యూనర్‌స్టూడియో థర్మిస్టర్ కాలిబ్రేషన్ పేజీలో ఇచ్చి రాయించాలి. రాత్రంతా ఆగిన బండికి పొద్దున తాళం తిప్పితే కూలెంట్, గాలి ఉష్ణోగ్రతలు రెండూ ఒకదానికొకటి రెండు మూడు డిగ్రీల్లోపు ఉండాలి. ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

గాలి ఉష్ణోగ్రత సెన్సార్ మొన తెరిచి ఉన్న రకమే కావాలి. ఇత్తడి మూతలో దాగిన కూలెంట్ రకం నిదానంగా స్పందిస్తుంది. దాన్ని అల్యూమినియం మానిఫోల్డ్‌కు బిగిస్తే లోహం వేడిని గాలి వేడిగా చూపిస్తుంది. మే నెలలో బండి పావుగంట ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఈసీయూ గాలి పలచబడిందనుకుని పెట్రోలు తగ్గిస్తుంది, ఇంజిన్ లీన్ అయి దగ్గుతుంది. ఫిల్టర్‌కూ త్రాటిల్‌కూ మధ్య రబ్బరు లేదా ప్లాస్టిక్ గొట్టంలో పెట్టండి.

మ్యాప్ సెన్సార్, త్రాటిల్

మ్యాప్ అంటే ఇంజిన్ మానిఫోల్డ్‌లోని గాలి ఒత్తిడి. దానికోసం బోర్డు మీద ఎంపీఎక్స్4250 ప్రెషర్ సెన్సార్‌కు చోటు ఉంది. 250 కిలోపాస్కల్ వరకు చదువుతుంది, టర్బోకు కూడా సరిపోతుంది. టర్బో లేని ఇంజిన్‌కు సగం పరిధి వృథా అయినా, ఒక్కో మెట్టు పావు కిలోపాస్కల్ మాత్రమే కాబట్టి ఆచరణలో ఇబ్బంది లేదు. సరిచూడటానికి ఇంజిన్ ఆపి తాళం మాత్రం తిప్పండి. అప్పుడు కనిపించాల్సింది ఆ ఊరి గాలి ఒత్తిడి: విశాఖలో సుమారు 101, హైదరాబాద్‌లో 95, కోయంబత్తూరులో 96 నుంచి 97, బెంగళూరులో 91. పిన్ను దగ్గర హైదరాబాద్‌లో 1.70 వోల్ట్, విశాఖలో 1.82 వోల్ట్ ఉండాలి. ఫోన్‌లోని వాతావరణ యాప్ చూసి పోల్చకండి. అది ఒత్తిడిని సముద్ర మట్టానికి సవరించి చెబుతుంది, హైదరాబాద్‌లోనూ 101 దరిదాపుల్లోనే చూపిస్తుంది. దాన్ని నమ్మి కాలిబ్రేషన్ మార్చినవాళ్ల పెట్రోలు పట్టిక మొత్తం ఆరు శాతం పక్కకు జరుగుతుంది.

వాక్యూమ్ గొట్టం త్రాటిల్ తర్వాత, అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉన్న చోటు నుంచి తీయాలి. లోపలి వ్యాసం నాలుగు మిల్లీమీటర్లు, పొడవు వీలైనంత తక్కువ. ఈసీయూ ఆ నిపుల్ కన్నా ఎత్తులో ఉండాలి, లేదంటే పెట్రోలు ఆవిరి చల్లబడి గొట్టంలోంచి బోర్డు మీది సెన్సార్‌లోకి దిగుతుంది. సింగిల్ సిలిండర్ ఇంజిన్‌కు శాంపిల్ పద్ధతి సైకిల్ మినిమమ్, నాలుగు సిలిండర్లకు సైకిల్ యావరేజ్ ఎంచుకోండి. సింగిల్‌లో యావరేజ్ పెడితే ఐడ్లింగ్‌లో అంకె పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది.

త్రాటిల్ సెన్సార్ మూడు తీగల్లో ఏది ఏదో మీటర్‌తో తెలుసుకోవచ్చు. త్రాటిల్ తిప్పినా ఏ రెండింటి మధ్య ఓమ్‌లు మారవో అవి 5 వోల్ట్, ఎర్త్. మిగిలింది సిగ్నల్. కాలిబ్రేట్ చేసేటప్పుడు త్రాటిల్‌ను చేత్తో తిప్పకండి, సీట్లో కూర్చుని పెడల్ పూర్తిగా తొక్కండి. కేబుల్ వదులుగా ఉంటే పెడల్‌తో త్రాటిల్ పూర్తిగా తెరుచుకోదు, చేత్తో తీసుకున్న అంకెను తెర ఎన్నటికీ చేరదు.

క్రాంక్ సిగ్నల్

స్పీడుయినో కొన్నవాళ్ల సమయాన్ని అన్నిటికన్నా ఎక్కువ తినేది క్రాంక్‌షాఫ్ట్ ఎక్కడుందో ఈసీయూకు చెప్పే ఈ సిగ్నలే. రెండు తీగల సెన్సార్ వీఆర్ (అయస్కాంతం, తీగచుట్ట) రకం, మూడు తీగలది సాధారణంగా హాల్ (లోపల చిప్ ఉన్న) రకం. హాల్ అయితే జేపీ2 జంపర్‌ను హాల్ వైపు, జేపీ4ను ఆన్‌లో పెట్టండి, బోర్డు మీది 1 కిలోఓమ్ పుల్‌అప్ సిగ్నల్‌ను నిలబెడుతుంది. వీఆర్ అయితే ఆ సిగ్నల్‌ను ఈసీయూ చదవగలిగేలా మార్చే కండిషనర్ చిన్న బోర్డును సాకెట్‌లో గుచ్చి, జేపీ2ను వీఆర్ వైపు తిప్పి, పుల్‌అప్ తీసేయాలి. క్యామ్ సెన్సార్‌కు ఇవే పనులు జేపీ3, జేపీ5 చేస్తాయి. ఈ జంపర్లు కేసు మూయక ముందే సరిచూడండి, తర్వాత అవి కనపడవు.

వీఆర్ తీగలు తారుమారైతే ఇంజిన్ స్టార్ట్ కావచ్చు కూడా, అదే అసలు ప్రమాదం. గుర్తుపట్టే పద్ధతి: ట్యూనర్‌స్టూడియోలో ఇగ్నిషన్‌ను ఫిక్స్‌డ్ యాంగిల్ 10 డిగ్రీలకు కట్టేసి, పుల్లీ మీద టైమింగ్ లైట్ వేయండి. ఐడ్లింగ్‌లో గీత ఒకచోట, 3000 ఆర్‌పీఎంలో మరోచోట కనిపిస్తే తీగలు తిరగేయండి, లేదా ట్రిగ్గర్ ఎడ్జ్ మార్చండి. ఆ తర్వాతే ట్రిగ్గర్ యాంగిల్ సరిచేయాలి. గీత కదులుతున్నప్పుడు యాంగిల్ సరిచేస్తే ఒక్క ఆర్‌పీఎం దగ్గరే టైమింగ్ నిజమవుతుంది, పైన పిస్టన్లకు ముప్పు.

సెన్సార్‌కూ పంటి చక్రానికీ మధ్య ఖాళీ ఒక మిల్లీమీటరు లోపు ఉంచండి. ఎక్కువైతే స్టార్టర్ తిప్పే నెమ్మది వేగంలో సిగ్నల్ సరిపోదు, తోస్తే స్టార్ట్ అయ్యే బండి సెల్ఫ్‌తో కాదు. షీల్డ్ తీగ వాడి, షీల్డ్‌ను ఈసీయూ వైపు మాత్రమే ఎర్త్ చేయండి. రెండు వైపులా చేస్తే షీల్డే నాయిస్‌ను మోసుకొస్తుంది. స్పార్క్ ప్లగ్‌లు రెసిస్టర్ రకం ఉండాలి. ఎన్‌జీకే పేర్లలో ఆర్ అక్షరం చూడండి: బీపీ6ఈఎస్ కాదు, బీపీఆర్6ఈఎస్. ఆర్‌పీఎం ఉన్నట్టుండి ఎగిరిపడటం, ల్యాప్‌టాప్ యూఎస్‌బీ ఊడిపోవడం చాలాసార్లు ఈ ఒక్క అక్షరంతో పోతాయి.

వైడ్‌బ్యాండ్

చాలాసార్లు వైడ్‌బ్యాండ్ (ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్‌ను కొలిచే సెన్సార్, దాని కంట్రోలర్) ఖర్చు ఈసీయూ బోర్డును మించిపోతుంది. అయినా దీన్ని వదిలేసి స్పీడుయినో కొనడం దండగ. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సార్ వాడే కంట్రోలర్ తీసుకోండి. ఏఈఎం ఎక్స్ సిరీస్ గేజ్ స్పీడుయినోతో బాగా కలుస్తుంది: అనలాగ్ అవుట్‌పుట్ అర వోల్ట్ దగ్గర 8.5, నాలుగున్నర వోల్ట్ దగ్గర 18 ఏఎఫ్ఆర్ (గాలికీ పెట్రోలుకూ నిష్పత్తి). తెలుపు తీగ ఈసీయూ ఓ2 పిన్నుకు, గోధుమ రంగు తీగ ఈసీయూ సెన్సార్ ఎర్త్‌కు. గోధుమ తీగను బాడీకి కలిపినా, వదిలేసినా గేజ్ ఒకటి చూపిస్తుంది, ట్యూనర్‌స్టూడియో ఇంకొకటి చూపిస్తుంది. పదో వంతు వోల్ట్ తేడా అంటే ఇక్కడ 0.24 ఏఎఫ్ఆర్.

ఇంకో మోసం యూఎస్‌బీ కరెంటు. ల్యాప్‌టాప్ నుంచి మాత్రమే పవర్ వస్తున్నప్పుడు మెగా మీద 5 వోల్ట్‌లకు బదులు 4.7 ఉండొచ్చు. త్రాటిల్, మ్యాప్ సెన్సార్లు అదే వోల్టేజీతో నడుస్తాయి కాబట్టి వాటికి తేడా తెలియదు. వైడ్‌బ్యాండ్ తన సొంత వోల్టేజీ పంపుతుంది, దాంతో 14.7 ఉండాల్సిన చోట 15.2 కనిపిస్తుంది. ఓ2 కాలిబ్రేషన్ ఎప్పుడూ బండి పవర్ మీదే సరిచూడండి.

సెన్సార్ బిగించే ఎం18 బంగ్‌ను ఎగ్జాస్ట్ పైపు పైభాగంలో, గడియారం ముల్లు 10కీ 2కీ మధ్య ఉండేలా వెల్డ్ చేయించండి. కిందికి వాలితే చెమ్మ సెన్సార్ మీదకు దిగి లోపలి సెరామిక్ పగులుతుంది. దాని ముందున్న గాస్కెట్‌లో సన్నటి లీకున్నా బయటి గాలి కలిసి లీన్ అని చూపిస్తుంది. మిస్‌ఫైర్ కూడా అంతే, కాలని ఆక్సిజన్‌ను సెన్సార్ లీన్‌గానే చదువుతుంది. అప్పుడు పెట్రోలు పెంచుకుంటూ పోతే ప్లగ్‌లు నల్లబడి మిస్‌ఫైర్ ఇంకా ముదురుతుంది. కంట్రోలర్ పవర్ తీసేసి సెన్సార్‌ను నడిచే ఇంజిన్‌లో ఉంచకండి, హీటర్ లేని సెన్సార్ మసిపట్టి కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. దాని సరైన గాలి నిష్పత్తి 14.7 కాదు, సుమారు 13.5. గేజ్ మాత్రం లాంబ్డాను (ఉన్న నిష్పత్తిని సరైన నిష్పత్తితో భాగించిన అంకె) 14.7తో గుణించి చూపిస్తుంది కాబట్టి సరిగ్గా కాలుతున్నప్పుడు 14.7 అనే అంటుంది. ఈ గందరగోళం ఎందుకు, తెర మీద లాంబ్డా పెట్టుకోండి. ఏ పెట్రోలైనా 1.00 అంటే 1.00.

ఆయిల్ ప్రెషర్

అర వోల్ట్ నుంచి నాలుగున్నర వోల్ట్ ఇచ్చే 150 పీఎస్ఐ మూడు తీగల సెన్సార్లు విరివిగా దొరుకుతాయి. స్పీడుయినో అడిగేది సున్నా వోల్ట్, 5 వోల్ట్ దగ్గర ప్రెషర్. సున్నా, 150 అని నింపేస్తే తప్పు. గీతను రెండు వైపులా సాగదీసి మైనస్ 19, 169 ఇవ్వాలి. ఇంజిన్ ఆపి తాళం తిప్పినప్పుడు సున్నా కనపడితే సరిగ్గా ఇచ్చినట్టు.

మర చూసి బిగించండి. బజారులో దొరికే సెన్సార్లకు ఎక్కువగా ఎనిమిదో వంతు ఎన్‌పీటీ మర ఉంటుంది, అంగుళానికి 27 చుట్లు. జపాన్ ఇంజిన్ల బ్లాకుల్లో తరచూ ఉండే బీఎస్‌పీటీకి 28. రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది, తర్వాత బిగుస్తుంది. అక్కడ పానా మీద బలం పెడితే బ్లాకు మర పోతుంది. అడాప్టర్ కొనండి. బరువైన సెన్సార్‌ను బ్లాకుకు నేరుగా వేలాడదీయకుండా చిన్న అల్లిక గొట్టంతో బాడీ మీద బిగిస్తే వైబ్రేషన్‌కు మెడ విరగదు.

తెరలు

ట్యూనింగ్ చేసేటప్పుడు ల్యాప్‌టాప్‌కు ప్రత్యామ్నాయం లేదు. ట్యూనర్‌స్టూడియో ఉచిత వెర్షన్‌తో కాలిబ్రేషన్లు, పట్టికలు, లాగింగ్ అన్నీ నడుస్తాయి. లాగ్ చూసి పెట్రోలు పట్టికను తనే దిద్దే ఆటోట్యూన్ కావాలంటే డబ్బు కట్టాలి. కట్టడమే మంచిది, ఆ ఒక్క సౌకర్యం పెట్రోలు ఖర్చులోనే తిరిగొస్తుంది. ఒక చిక్కు ఉంది: ఇంజిన్ నడుస్తుండగా యూఎస్‌బీ గుచ్చితే మెగా రీసెట్ అయి ఇంజిన్ ఒక్కసారి ఆగిపోతుంది. ట్యూనర్‌స్టూడియోలో రీసెట్ కంట్రోల్ ఆన్ చేయండి, లేదా మెగా మీద రీసెట్‌కూ ఎర్త్‌కూ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. కెపాసిటర్ పెడితే ఫర్మ్‌వేర్ ఎక్కించేముందు తీయాలి. ల్యాప్‌టాప్‌ను బండిలోని ఇన్వర్టర్‌తో చార్జ్ చేస్తూ ట్యూన్ చేయకండి, దాని నాయిస్ అంతా యూఎస్‌బీ ఎర్త్ ద్వారా ఈసీయూలోకి వస్తుంది.

రోజువారీ డాష్‌కు పాత ఆండ్రాయిడ్ ఫోన్, రియల్‌డాష్ యాప్, హెచ్‌సీ-06 బ్లూటూత్ మాడ్యూల్ కలిపితే చవకలో మంచి ఏర్పాటు. కొత్త మాడ్యూల్ 9600 వేగంతో వస్తుంది, బోర్డుకు కావాల్సింది 115200. ఏటీ ప్లస్ బాడ్8 అనే ఆదేశం పంపి మార్చుకోవాలి. మాడ్యూల్ సిగ్నల్ అందుకునే పిన్ను 3.3 వోల్ట్‌ది, మెగా పంపేది 5 వోల్ట్. మెగా వైపు 1 కిలోఓమ్, ఎర్త్ వైపు 2 కిలోఓమ్ రెసిస్టర్ వేసి మధ్య నుంచి తీసుకుంటే సరిగ్గా 3.3 వస్తుంది. నేరుగా కలిపినా కొన్నాళ్లు పనిచేస్తుంది, అందుకే చాలామంది అలా వదిలేస్తారు. పోయేది మాత్రం పోటీ రోజునే. తర్వాత ట్యూనర్‌స్టూడియోలో సెకండరీ సీరియల్‌ను ఆన్ చేసి, ప్రొటోకాల్ జాబితాలో మీ యాప్‌కు సరిపోయేది ఎంచుకోండి. బ్లూటూత్ కలిసినా గేజ్‌లన్నీ సున్నా దగ్గరే ఉంటే ముందు చూడాల్సింది ఈ ఎంపికే. ఫర్మ్‌వేర్ మార్చిన ప్రతిసారీ యాప్‌లోని ఐఎన్ఐ ఫైలు కూడా మార్చాలి. మార్చకపోతే అంకెలు వస్తాయి, కానీ ఒకదాని చోట మరొకటి.

ఫోన్ తెరతో అసలు ఇబ్బంది మన ఎండ. విండ్‌స్క్రీన్ కింద పెట్టిన ఫోన్ వేడెక్కగానే తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది, ఇంకా వేడెక్కితే ఆగిపోతుంది. ఏసీ గాలి తగిలే చోట, గొడుగులాంటి నల్లటి అంచు కింద బిగించండి. ట్రాక్ బండిలో ఏసీ ఉండదు కాబట్టి అక్కడ ఫోన్ వద్దు, విడి గేజ్‌లే నయం. తెర మీద పది గేజ్‌లు పేర్చకండి. ఆర్‌పీఎం, కూలెంట్, ఆయిల్ ప్రెషర్, లాంబ్డా, బ్యాటరీ వోల్టేజీ చాలు. ఆ ఐదూ మామూలుగా ఉన్నప్పుడు తెలుపు, హద్దు దాటితే తెరంతా ఎరుపు అయ్యేలా పెట్టండి. మలుపులో డ్రైవర్ అంకె చదవలేడు, రంగు చూడగలడు.

అయినా ఏ తెరనూ చివరి కాపలాగా నమ్మొద్దు. స్పీడుయినో ఫర్మ్‌వేర్‌లోనే ఇంజిన్ ప్రొటెక్షన్ ఉంది. ఆయిల్ ప్రెషర్ పడిపోతే, కూలెంట్ మరీ వేడెక్కితే, లాంబ్డా లీన్ అయితే ఆర్‌పీఎంను తనే కట్ చేస్తుంది. ఆయిల్ హద్దును ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకు 10 పీఎస్ఐ అనే పాత లెక్కకు కొంచెం కింద పెట్టండి. ఇంకొక ప్రోగ్రామబుల్ అవుట్‌పుట్‌తో రిలే ద్వారా పెద్ద ఎర్ర ఎల్ఈడీ దీపం వెలిగేలా చేస్తే, బ్లూటూత్ ఊడినా, ఫోన్ చచ్చినా దీపం పనిచేస్తుంది. అది వెలుగుతుందో లేదో సెన్సార్ తీగ ఊడదీసి తప్పకుండా పరీక్షించండి. ఊడిన తీగను సున్నా ప్రెషర్‌గా చదివి దీపం వెలగాలి.

ఎవరు కొనొచ్చు

మీటర్ పట్టుకోవడం, క్రింప్ చేయడం, లాగ్ చదవడం నేర్చుకోవాలనుకునే కాలేజీ జట్టుకు, పాత కార్బ్యురేటర్ ఇంజిన్‌ను ట్రాక్ కోసం ఇంజెక్షన్‌కు మార్చేవాళ్లకు స్పీడుయినో కళ్లు మూసుకుని సిఫారసు చేయొచ్చు. ప్రతి పిన్ను వెనకాల ఏముందో సర్క్యూట్ బొమ్మలో కనిపిస్తుంది, ఏదైనా కాలితే చవకైన చిప్ మార్చుకుని మళ్లీ నడపొచ్చు. ఎలక్ట్రానిక్ త్రాటిల్ ఉన్న ఇంజిన్‌కు, ఎక్కువ బూస్ట్‌తో నాక్ కంట్రోల్ కావాల్సిన టర్బోకు, బండిలో ఇప్పటికే క్యాన్ (బండిలోని డేటా నెట్‌వర్క్) డాష్ ఉన్నవాళ్లకు ఇది తగదు. మెగాలో క్యాన్ లేదు, దాన్ని అతికించడానికి పడే పాట్లు డబ్బు ఆదాను మింగేస్తాయి.

పోటీకి తీసుకెళ్లేటప్పుడు ఫర్మ్‌వేర్, ట్యూన్ ఎక్కించి పరీక్షించిన ఇంకో మెగా బోర్డు వెంట ఉంచుకోండి. కాలిబ్రేషన్ పట్టికలు ట్యూన్ ఫైలుతో పాటు వెళ్లవు, అవి మెగా లోపలి మెమరీలో ఉంటాయి. కాబట్టి ఆ రెండో బోర్డుకు కూలెంట్, గాలి, ఓ2 కాలిబ్రేషన్లు విడిగా రాసి, ఒకసారి బండిలో గుచ్చి తాళం తిప్పి, మ్యాప్ ఊరి ఒత్తిడిని చూపిస్తోందో లేదో చూసుకున్నాకే పెట్టెలో పెట్టండి.